చెన్నై ఉక్కలో విత్తనపు వడ్లు దాచడం ఎలా?

నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు వైపు పొలం పెట్టుకుని చెన్నైలో కాపురం ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కోతలయ్యాక తిండి గింజలతో పాటు కాసిని విత్తనపు వడ్లు కూడా పెరంబూరుకో అంబత్తూరుకో వచ్చి చేరతాయి. మిద్దె మీద టబ్బుల్లో నవారా, కాలాబట్టి లాంటి దేశవాళీ రకాలు వేసి, వచ్చే ఏటికి గుప్పెడు గింజ దాచుకునేవాళ్లు ఇంకొందరు. ఏప్రిల్‌లో నిగనిగలాడిన ఆ గింజే అక్టోబరులో నారు పోస్తే సగం కూడా మొలవదు. అప్పుడు రకాన్ని తిడతాం, లేదా విత్తనం ఇచ్చినవాళ్లను తిడతాం. దెబ్బ తగిలింది మాత్రం మధ్యలో ఆ ఆరు నెలలూ, మన ఇంట్లోనే.

విత్తనం ఎన్నాళ్లు బతుకుతుందన్నది చాలావరకు దాని లోపలి ప్రొటీన్లు ఎంత కాలం చెడిపోకుండా ఉంటాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎండిన గింజ కొత్తగా ప్రొటీన్ తయారు చేసుకోలేదు. చేను మీద పండుతున్నప్పుడే కట్టుకున్న సద్ది మూటతోనే ప్రయాణం మొత్తం గడవాలి, దారిలో వండుకునే వీలు లేదు. కాబట్టి మనం చేయగలిగింది రెండే: మూట నిండుగా కట్టుకున్న గింజను ఎంచుకోవడం, అది త్వరగా ఖర్చయిపోకుండా చూడడం. కింద చెప్పే పనులన్నీ ఈ రెండిటి కోసమే.

ముందుగా, గింజ లోపల ఎవరెవరున్నారు?

ఈ భాగం వదిలేసి నేరుగా ఎండబెట్టడానికి వెళ్లినా పని జరుగుతుంది. కానీ కారణం తెలిస్తే, మీ ఇంటి పరిస్థితికి తగ్గట్టు పద్ధతిని మీరే మార్చుకోగలరు.

వడ్ల గింజలో మొలకెత్తేది పిండం ఒక్కటే. గింజ బరువులో అది రెండు మూడు శాతం ఉంటుందేమో. మిగతాదంతా దానికి తిండి. పూత వచ్చి గింజ పాలు పోసుకుని గట్టిపడే చివరి రోజుల్లో పిండం కొన్ని ప్రత్యేకమైన ప్రొటీన్లను పోగేసుకుంటుంది. వాటిలో ముఖ్యమైనవి లీ ప్రొటీన్లు. పిండం పక్వమయ్యే ఆఖరి దశలో పుష్కలంగా తయారవుతాయి కాబట్టి ఇంగ్లీషులో 'లేట్ ఎంబ్రియోజెనిసిస్ అబండెంట్' అన్నారు, పొట్టిగా లీ (LEA). 1981లో పత్తి గింజల మీద పనిచేస్తూ లియోన్ డ్యూర్ బృందం వీటిని మొదట గుర్తించింది. నీళ్లు పోయి కణం ముడుచుకుపోతున్నప్పుడు ఇతర ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకుని గడ్డ కట్టకుండా ఇవి అడ్డం ఉంటాయి. చక్కెరలతో కలిసి కణంలోని ద్రవాన్ని గాజులాంటి గట్టి స్థితికి తెస్తాయి. ఆ గాజు స్థితిలో అణువులు కదలలేవు, కదలలేకపోతే చెడిపోవడం కూడా చాలా నెమ్మదిస్తుంది. వీటికి తోడు చిన్న హీట్ షాక్ ప్రొటీన్లు ఉంటాయి. వేడికి విప్పుకుపోతున్న ప్రొటీన్లను పట్టి ఉంచడం వాటి పని.

తేమ పెరిగినా, వేడి పెరిగినా ఆ గాజు మెత్తబడుతుంది. చెన్నైలో రెండూ ఒకేసారి పెరుగుతాయి.

మెత్తబడ్డాక మొదలయ్యే చెడుపు చాలా రకాలు. ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు ప్రొటీన్లను ఆక్సీకరిస్తాయి. ఇందులో కార్బొనైలేషన్ అనే మార్పు జరిగితే ఇక వెనక్కి తిప్పలేం. చక్కెరలు ప్రొటీన్లకు అతుక్కుంటాయి. ఆస్పరాజిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లాలు ఉన్న చోట గొలుసు వంకర తిరిగి ఐసోఆస్పార్టేట్‌గా మారుతుంది, ఆ ప్రొటీన్ పనిచేయడం మానేస్తుంది. కొవ్వుల్ని లైపాక్సిజనేజ్ అనే ఎంజైము కుళ్లబెడుతుంది. తవుడు ముక్కిపోయినప్పుడు వచ్చే కంపులో దాని హస్తం ఉంది. థాయిలాండ్‌కు చెందిన డా డామ్ అనే వరి రకంలో ఈ ఎంజైములో మూడో రూపం పుట్టుకతోనే లేదు, అందువల్ల నిల్వ చేసినా ఆ పాత వాసన తక్కువ. అంటే ప్రొటీన్లన్నీ గింజకు మిత్రులు కావు, ఇంటి దొంగలూ ఉంటారు.

కాపలా కాసేవి కూడా ఉన్నాయి. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్ లాంటి ఎంజైములు ఆ చురుకైన అణువులను చల్లారుస్తాయి. పిమ్ట్ అనే ఎంజైము వంకర తిరిగిన ఐసోఆస్పార్టేట్‌ను పట్టుకుని మళ్లీ దారిలో పెడుతుంది. దీని మీద మన దేశంలోనే మంచి పని జరిగింది. న్యూఢిల్లీలోని జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వరిలో పిమ్ట్‌ను పెంచితే విత్తనం ఎక్కువ కాలం నిలిచిందనీ, తగ్గిస్తే త్వరగా బలం కోల్పోయిందనీ 2016లో ప్రచురించారు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: ప్రొటీన్ ఎక్కువున్న రకం ఎక్కువ కాలం నిలుస్తుందా? అలా ఏమీ లేదు. దంపుడు బియ్యంలో ఏడెనిమిది శాతం ఉండే ప్రొటీన్‌లో ఎక్కువ భాగం గ్లూటెలిన్ అనే నిల్వ ప్రొటీన్, అది మొలకకు తిండి. నిల్వ ప్రొటీన్లు ఆక్సీకరణ దెబ్బను ముందుగా తామే తిని, అవసరమైన ఎంజైములను కాస్త కాపాడతాయని ఆవాల జాతికి చెందిన ఒక చిన్న మొక్క మీద చేసిన పరిశోధనలు చూపించాయి. కానీ పిండంలో కాపలా ప్రొటీన్లు ఎలా ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. అన్నంలో ప్రొటీన్ శాతం చూసి విత్తనం నిల్వ కాలాన్ని అంచనా వేయకండి.

1. విత్తనం ఎంపిక చేను మీదే

కాపలా ప్రొటీన్లు చివరి దశలో పోగవుతాయి కాబట్టి తొందరపడి కోసిన గింజ సగం మూటతోనే వస్తుంది. సాధారణంగా సగం వెన్నులు పూసిన రోజు నుంచి ముప్పై, ముప్పై అయిదు రోజులకు, వెన్నులో అత్యధిక భాగం బంగారు రంగు తిరిగాక విత్తనానికి కోయాలి. అప్పుడు గింజలో తేమ ఇరవై శాతం చుట్టుపక్కల ఉంటుంది. మరీ ఆలస్యం చేసినా నష్టమే. చేను మీదే ఎండకు, మంచుకు తడిసి ఆరి, తడిసి ఆరి గింజ ముసలిదవుతుంది. కోతకు ముందు వాన పడి వెన్నులో గింజ ఉబ్బితే ఆ మడిని విత్తనానికి వదిలేయండి, తిండికి వాడుకోండి.

ఊళ్లో మీ పొలం చూసే మామయ్యకో తమ్ముడికో ఫోన్లో ఒక్క మాట చెబితే చాలు: "గట్టు పక్క వరసలు వదిలేసి, మధ్యలో పడిపోకుండా నిలబడ్డ చోట కోసి విడిగా కొట్టించు." మిషన్ కోత అయితే గింజకు దెబ్బలు ఎక్కువ. పొట్టు పగిలి పిండం బయటపడ్డ గింజ ఎంత బాగా దాచినా నిలవదు. విత్తనం మట్టుకు చేత్తో కోసి, చేత్తో కొట్టడమే మేలు. తర్వాత తూర్పారబట్టి తాలు, పొల్లు తీసేయాలి.

ఉప్పు నీళ్లలో వేసి తేలిన గింజలు తీసేసే పద్ధతి మంచిదే. కాకపోతే దాచేముందు చేస్తే మళ్లీ ఎండబెట్టే పని పడుతుంది. దాన్ని విత్తే రోజుకు వాయిదా వేయండి.

2. ఎండబెట్టడం: సముద్రపు గాలి రాకముందే

చెన్నైలో మిద్దె మీద ఎండబెట్టేవాళ్లకు రెండు ఇబ్బందులు. మొదటిది కాంక్రీటు వేడి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆ గచ్చు మీద పచ్చి గింజ నేరుగా పోస్తే పిండం ఉడికిపోతుంది. తడి ఎక్కువున్న ప్రొటీన్ తక్కువ వేడికే చెడుతుంది, ఎండే కొద్దీ తట్టుకునే శక్తి పెరుగుతుంది. అందుకే మొదటి రోజు నీడలో గాలికి, రెండో రోజు నుంచి పొద్దుటి ఎండకు వెయ్యండి. కింద గోనె పట్టాలో పాత దుప్పట్లో పరవండి, నల్ల ప్లాస్టిక్ షీటు వద్దు. గింజ మందం రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. అరగంటకోసారి కాలితోనో చేత్తోనో తిరగేయాలి. గింజల మధ్య ఒక థర్మామీటరు గుచ్చి ఉంచితే టెన్షన్ ఉండదు. 42 డిగ్రీలు దాటుతోందంటే నీడకు లాగేయండి.

ఇక రెండోది సముద్రపు గాలి. మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి చల్లగాలి మొదలవగానే మనకు ప్రాణం లేచి వస్తుంది గానీ, ఆ గాలి తెచ్చే తేమ గింజలోకి వెళ్తుంది. అడయార్, తిరువాన్మియూరు లాంటి తీర ప్రాంతాల్లో గాలి ముందు తగులుతుంది, అంబత్తూరు, పూందమల్లి వైపు కాస్త ఆలస్యం. ఎక్కడున్నా గాలి మళ్లగానే గింజను ఎత్తి, వేడి తగ్గాక మూత ఉన్న డబ్బాలో పోసేయండి. రాత్రంతా బయట వదిలితే పగలు ఎండబెట్టిందంతా తిరిగి తాగేస్తుంది.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఆసక్తికరమైన విషయం ఒకటి కనిపెట్టారు. తేమ ఇంకా 16 శాతం పైన ఉన్నప్పుడు కోసిన గింజను మొదట 45 డిగ్రీల వేడి గాలిలో కొంతకాలం ఆరబెట్టి తర్వాత చల్లని పొడి గదిలో పెడితే, మొదటి నుంచీ చల్లగా ఆరబెట్టిన గింజ కంటే ఎక్కువ కాలం నిలిచింది. కోశాక కూడా ఆ గింజ ఇంకా ప్రాణంతో పనిచేస్తూ, కాపలాను పెంచుకుంటూ ఉంటుందన్న మాట. ఇది చదివి మండుటెండలో గచ్చు మీద పోయకండి. వాళ్లది గాలి ఆడే యంత్రం, వేడి ఒక డిగ్రీ అటూఇటూ కాకుండా పట్టి ఉంచగలదు. మన గచ్చుకు అంత ఓపిక లేదు.

3. తేమ చూడడం

మన దేశ విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం వరి విత్తనంలో తేమ 13 శాతం మించకూడదు. గాలి, ఆవిరి చొరబడని ప్యాకింగ్ అయితే 8 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే మన పనంతా ఉంది. మామూలు సంచిలో చెన్నై గాలిలో ఉంచితే గింజ ఎంత ఎండినా తిరిగి 13, 14 శాతానికి చేరుతుంది, ఎందుకంటే గాలిలో తేమ 75 శాతం ఉంటే వడ్లు దాదాపు 14 శాతం దగ్గర స్థిరపడతాయి.

ఇంట్లో తేమ ఎలా తెలుసుకోవాలి? పంటికింద కొరికితే పటుక్కున విరగాలి, నలిగితే ఇంకా పచ్చిదే. ఊళ్లో అందరూ చేసేది ఇదే, కానీ 13కూ 9కీ తేడా పంటికి తెలియదు. ఉప్పు పరీక్ష ఇంకొంచెం నయం. పొడి గాజు సీసాలో వడ్లు, పొడి ఉప్పు వేసి బాగా ఊపి పావుగంట వదలండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు.

అన్నిటికంటే మంచిది చిన్న డిజిటల్ తేమమీటరు, అంటే గాలిలో తేమ శాతం చూపించే బుల్లి గడియారం లాంటిది. కొన్ని వందల రూపాయలకే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని వడ్లతో పాటు సీసాలో పెట్టి మూత బిగించి ఒక రోజు ఆగండి. లోపలి గాలి, గింజ తేమ ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. మీటరు 60 చూపిస్తే గింజలో తేమ 12, 13 మధ్య. 30 నుంచి 40 మధ్య చూపిస్తే 9, 10 దగ్గరకు వచ్చింది. మన గురి అదే లేదా అంతకంటే కొంచెం తక్కువ.

4. చివరి అయిదు శాతం: సిలికా జెల్ లెక్క

చెన్నై ఎండ ఎంత గట్టిగా కాసినా గింజ 12, 13 దగ్గర ఆగిపోతుంది. గాలే తడిగా ఉంటే ఎండ ఏం చేస్తుంది? ఇక్కడి నుంచి కిందకు దిగాలంటే సిలికా జెల్ కావాలి. ప్యారీస్ కార్నర్ వైపు ప్యాకింగ్ సామాన్లు అమ్మే దుకాణాల్లో కిలోల లెక్కన దొరుకుతుంది. రంగు మారే రకం తీసుకోండి. నీలం రంగు దానిలో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి నారింజ రంగుదే మేలు, తేమ తాగితే అది ఆకుపచ్చకు తిరుగుతుంది.

ఎంత కావాలో లెక్క వేద్దాం. కిలో వడ్లలో 13 శాతం తేమ ఉంటే పొడి పదార్థం 870 గ్రాములు. తేమ 8 శాతానికి దిగితే మొత్తం బరువు దాదాపు 945 గ్రాములు. అంటే తీయాల్సిన నీళ్లు 55 గ్రాములు. సిలికా జెల్ ఇలాంటి పొడి గాలిలో తన బరువులో 15 శాతం దాకా నీళ్లు పడుతుందనుకుంటే 370 గ్రాములు సరిపోవాలి. కొంచెం వదులుగా అర కిలో వేసుకోండి. కిలో గింజకు అర కిలో జెల్ అని గుర్తుంచుకుంటే చాలు.

జెల్‌ను పాత కాటన్ గుడ్డలో మూట కట్టి డబ్బా మధ్యలో పెట్టి చుట్టూ గింజ పోయండి. వారం పది రోజుల్లో మీటరు చూడండి. పచ్చబడ్డ జెల్‌ను తీసి ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. గురి చేరాక జెల్ మొత్తం ఉంచనక్కర్లేదు, కిలోకు యాభై గ్రాముల చిన్న మూట వదిలేయండి.

జెల్ దొరకనివాళ్లు బియ్యాన్ని మూకుడులో గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, డబ్బాలో చల్లార్చి, గుడ్డలో కట్టి పెట్టవచ్చు. పనిచేస్తుంది గానీ బలం తక్కువ, రెండు మూడుసార్లు మార్చాలి.

మరీ 5 శాతం కిందకు మాత్రం దించకండి. ప్రొటీన్లను, కొవ్వు పొరలను చుట్టుకుని ఉండే ఆఖరి నీటి పొర కూడా పోతే ఆక్సిజన్ నేరుగా వాటిని తాకుతుంది.

5. డబ్బా

రబ్బరు వాషరు ఉన్న గాజు సీసా, లేదా వేడితో అతికించే అల్యూమినియం రేకు పౌచు. స్టీలు డబ్బా మూత ఎంత బిగుతుగా ఉన్నా ఆవిరి దూరుతుంది. మామూలు నీళ్ల సీసా ప్లాస్టిక్ గుండా కూడా నెలల్లో తేమ లోపలికి వస్తుంది.

ఒకే పెద్ద డబ్బాలో కాకుండా చిన్న చిన్న ప్యాకెట్లుగా చేయండి. ఒక్కసారి మూత తీస్తే మెరీనా గాలి మొత్తం లోపలే. ప్రతి ప్యాకెట్ మీద రకం పేరు, కోసిన నెల, మూసిన తేదీ, అప్పటి మొలకశాతం రాసి పెట్టండి. దేశవాళీ రకాలకు ఇది మరీ ముఖ్యం. ఎండాక నవారా గింజకూ పక్కదానికీ తేడా పట్టడం అందరి వల్లా కాదు.

6. ఎక్కడ పెట్టాలి?

విత్తనాల నిల్వ గురించి అమెరికా శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన మోటు లెక్కలు మూడున్నాయి. తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపు. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతనూ గాలిలో తేమ శాతాన్నీ కలిపితే మొత్తం 100 దాటకూడదు. మొదటి లెక్క 5 నుంచి 14 శాతం తేమ దాకానే నడుస్తుంది.

మూడోది మనింటికి వేసి చూడండి. మే నెలలో అటక మీద 35 డిగ్రీలు అంటే 95 ఫారెన్‌హీట్, తేమ 70. మొత్తం 165. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలు అంటే 41, మూసిన సీసాలో తేమ 35. మొత్తం 76. గాజు స్థితి ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కరుగుతుందో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

కిలో రెండు కిలోల దాకా అయితే ఫ్రిజ్ లోపలి అరలో, వెనక వైపు పెట్టండి. తలుపు అరలో వద్దు, తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది. కరెంటు పోతే కంగారు పడక్కర్లేదు, మూత బిగుతుగా ఉంటే కొన్ని గంటల వేడి లెక్కలోకి రాదు. ఎండని గింజను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, డీప్ ఫ్రీజరులో అసలే వద్దు. లోపలి నీళ్లు మంచు గడ్డలై పిండాన్ని చీలుస్తాయి. జన్యు బ్యాంకుల్లో మైనస్ 18, మైనస్ 20 డిగ్రీల్లో దాచేది బాగా ఎండిన గింజనే.

బయటికి తీసినప్పుడు ఒక జాగ్రత్త. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే తెరవకండి. చెన్నై గాలి తగలగానే చల్లని గింజ మీద నీటి బొట్లు పడతాయి. మూత తీయకుండా ఒక రాత్రి బల్ల మీద ఉంచి, పొద్దున తెరవండి. అంతా బాగా చేసినవాళ్లు కూడా సరిగ్గా ఇక్కడే చెడగొట్టుకోవడం చూస్తుంటాం.

ఇరవై ముప్పై కిలోలు ఉంటే ఫ్రిజ్‌లో పట్టవు. అప్పుడు గాలి చొరబడని బహుళ పొరల సంచిలో, నిండుగా, ఖాళీ లేకుండా నింపి మూతి బిగించాలి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, గోడకు ఆనకుండా చెక్క మీద పెట్టండి. పై అంతస్తు ఇంటి అటక, మెట్ల కింద చెమ్మగిల్లే మూల రెండూ పనికిరావు. నిజం చెప్పాలంటే అంత విత్తనాన్ని ఊళ్లోనే ఉంచి, చెన్నైకి రెండు కిలోలు పూచీగా తెచ్చుకోవడం నయం.

పురుగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తేమ 9 శాతం కిందకు దిగిన గింజలో ముక్కపురుగు, నుసిపురుగు సరిగా పెరగలేవు. గాలి ఆడని సంచిలో ఉన్న ఆక్సిజన్ అయిపోయి అవే చస్తాయి. పెద్దవాళ్లు బూడిద కలిపి కుండలో పోసి మూతి అలికి పెట్టేది కూడా ఈ తర్కమే. బూడిద తేమ తాగుతుంది, పురుగు ఒంటిని గీరి ఎండగడుతుంది. వేపాకు వేసేవాళ్లు బాగా ఎండిన ఆకే వేయాలి, పచ్చి ఆకు వేస్తే చేతులారా తేమ పెట్టినట్టే.

7. మొలక పరీక్ష, మూడు నెలలకోసారి

విత్తనం ముసలిదయ్యే తీరు మోసం చేస్తుంది. చాలాకాలం 90 పైన నిలబడి, ఆ తర్వాత కొద్ది నెలల్లోనే జారిపోతుంది. లోపల ప్రొటీన్లు మెల్లగా చెడుతూనే ఉంటాయి, మరమ్మతు చేసుకునే స్తోమత ఉన్నన్నాళ్లూ గింజ మొలుస్తూనే ఉంటుంది. అది తీరిన రోజున ఒక్కసారిగా కూలుతుంది. అందుకే మొలకశాతం కంటే మొలక వేగం ముందుగా కబురు చెబుతుంది.

వంద గింజలు లెక్కపెట్టి తడిపి పిండిన కాటన్ గుడ్డ మీద వరసలుగా పేర్చి, చుట్టగా చుట్టి, ప్లాస్టిక్ సంచిలో నిలబెట్టండి. అయిదో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఒకసారి లెక్కించండి. వేరు, మొలక రెండూ ఉన్నవే మొలిచినట్టు లెక్క. అయిదో రోజుకే దాదాపు అన్నీ సమానంగా లేస్తే విత్తనం గట్టిగా ఉంది. పద్నాలుగో రోజుకు మొత్తం 85 వచ్చినా, అయిదో రోజుకు సగమే లేచి వేర్లు పొట్టిగా ఉంటే ఆ విత్తనం జారుడు మెట్టు మీద ఉన్నట్టు. వచ్చే పంటలోనే వేసి కొత్త విత్తనం తీసుకోండి, ఇంకో ఏడాది ఆగకండి. ధ్రువీకరణకు కనీసం 80 శాతం కావాలి.

కొత్తగా కోసిన గింజను వెంటనే పరీక్షిస్తే 40 శాతమే మొలిచిందని బెంబేలెత్తకండి. కొన్ని రకాలకు నిద్రావస్థ ఉంటుంది. నెలా రెండు నెలలు పోయాక మళ్లీ చూడండి.

8. పాత గింజను విత్తే రోజు

ఎండిన గింజలో మరమ్మతు పని దాదాపు ఆగి ఉంటుంది. నీళ్లు తగలగానే పిమ్ట్ లాంటి ఎంజైములు పనిలోకి దిగుతాయి. దాచి ఉంచుకున్న ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ కాపీలతో, అంటే ప్రొటీన్ ఎలా కట్టాలో చెప్పే చీటీలతో, గింజ మొదటి గంటల్లోనే కొత్త ప్రొటీన్లు కట్టడం మొదలుపెడుతుంది. పాత గింజకు ఈ మరమ్మతుకు సమయం ఇవ్వడమే మన పని.

8 శాతం దాకా ఎండిన గింజను నేరుగా నీళ్లలో ముంచితే పొరలు ఒక్కసారిగా ఉబ్బి పిగులుతాయి. ముందు రోజు పళ్లెంలో పోసి నీడలో వదిలేయండి. ఎండబెట్టేటప్పుడు మనల్ని ఏడిపించిన చెన్నై గాలే ఇప్పుడు నెమ్మదిగా తేమ పట్టించి పెడుతుంది. తర్వాత పన్నెండు గంటలు నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. విత్తనం బలం తగ్గిందని తెలిస్తే, నానిన గింజను నీడలో ఆరబెట్టి పాత బరువుకు తెచ్చి, రెండు మూడు రోజుల్లో మళ్లీ నానబెట్టి మండె కట్టండి, అంటే తడి గోనెలో మూటగా ఉంచి మొలకెత్తనివ్వండి. ఇలా ఒకసారి తడిపి ఆరబెట్టడం వల్ల మధ్యస్థంగా పాతబడ్డ విత్తనం బలం పుంజుకుంటుందని కలకత్తా విశ్వవిద్యాలయం వాళ్లు ఎన్నో పంటల్లో చూపించారు. కానీ అలా ఆరబెట్టిన గింజను మళ్లీ దాచకండి, వారంలో విత్తేయాలి. మరీ చచ్చిన గింజకు ఇది సంజీవని కాదు.

మొలకశాతం తగ్గితే విత్తన మోతాదు పెంచుకోవాలి. 80 శాతం మొలిచే గింజ ఎకరాకు 25 కిలోలు వేసేవాళ్లు, 60 శాతమే మొలిచేదైతే 33 కిలోలు వేయాలి. 50 కిందకు పడిపోతే పొలంలో పోయకండి. మొలిచినవి కూడా బలహీనంగా ఉండి నారుమడిలో వెనకబడతాయి. ఆ గింజ మీ తాతల నాటి రకమైతే, మిద్దె మీద ట్రేలో ఒక్కొక్కటిగా మొలకెత్తించి, బతికిన మొక్కలను టబ్బుల్లోకి మార్చి, ఒక్క పంట గింజ తీసుకోండి. పది పదిహేను మొక్కలు బతికినా వచ్చే ఏటికి చిన్న మడికి సరిపడా విత్తనం వస్తుంది. కోసే రోజు వెన్నులు పూర్తిగా రంగు తిరిగేదాకా మాత్రం ఆగండి, పిచ్చుకలకు వల కట్టడం మరవకండి.